ఐపీ పెట్టడం పాపమా? అప్పుల్లో ఉన్నవారికి చట్టం ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు

(చెన్నై జార్జి టౌన్‌లో తెలుగు సంఘాల యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పుల గురించీ దివాలా చట్టం గురించీ మాట్లాడతామని చెప్పగానే, యువజనుల కూడికలో ఈ విషయం ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. ఎందుకంటే మా దగ్గరికి కాగితాలు పట్టుకుని వచ్చేది ఎక్కువగా మీ వయసువాళ్లే. అప్పు చేసింది నాన్న, సంతకం పెట్టింది అమ్మ, రికవరీ ఏజెంటు ఫోన్ చేసేది మాత్రం డిగ్రీ చదువుతున్న కూతురికి. ఇంగ్లీషులో, తమిళంలో వచ్చిన నోటీసు చదివి ఇంట్లో అర్థం చెప్పవలసింది కూడా ఆమే. అందుకని మీతోనే మొదలుపెడుతున్నాం.

మనవాళ్లలో ఒక మాట ఉంది: "వాడు ఐపీ పెట్టాడు." ఆ మాట అనేటప్పుడు గొంతు ఎలా మారుతుందో గమనించండి. దొంగతనం చేశాడన్నట్టే అంటారు. ఈ ఊళ్లో తమిళులు దాన్నే మంజల్ కడుదాసి అంటారు, అంటే పసుపు ఉత్తరం. అదీ తిట్టే. నిజానికి ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. "నా అప్పులు నా ఆస్తికి మించిపోయాయి, తీర్చలేకపోతున్నాను, నా ఆస్తిని తీసుకుని అప్పులవాళ్లకు న్యాయంగా పంచండి" అని కోర్టుకు పెట్టుకునే దరఖాస్తు. అంతే.

ఆ మాటకు చెడ్డపేరు ఊరకే రాలేదు. చీటీలు కట్టించుకుని, ఇల్లు భార్య పేర రాసి, బావమరిది బాకీ మాత్రం ముందే తీర్చేసి, మిగిలినవాళ్లకు కోర్టు నోటీసులు పంపినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. అలాంటప్పుడు మునిగేది బ్యాంకు కాదు. రిటైరైన మాస్టారు, కూతురి పెళ్లికని దాచుకున్న డబ్బు వడ్డీకి ఇచ్చిన వితంతువు, వీళ్లు మునుగుతారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ అలాంటి మోసాన్ని పట్టుకునే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉందని చాలామందికి తెలియదు. దివాలాకు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని కోర్టు రద్దు చేయగలదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికి మేలు చేయాలని కావాలనే చెల్లించినదాన్నీ వెనక్కి రప్పించగలదు. అంటే ఈ దారి నిజాయితీగా మునిగిపోయినవాడి కోసం వేసింది. మోసగాడు దాన్ని వాడుకున్నాడని దారినే తిట్టుకుంటూ కూర్చున్నాం.

మనం కూర్చున్న ఈ చోటికి మద్రాసు హైకోర్టు నడిచి వెళ్లేంత దూరం. ఈ పేట వీధులకు దివాలా కొత్త కాదు. ఇప్పుడు రాజాజీ శాలై అంటున్న వీధిని అప్పట్లో ఫస్ట్ లైన్ బీచ్ అనేవారు. అక్కడ ఆర్బత్‌నాట్ కంపెనీ అనే ఇంగ్లీషువాళ్ల బ్యాంకు ఉండేది. దొరల బ్యాంకు కదా అని ఉద్యోగులు, పెన్షనర్లు, వితంతువులు తమ పొదుపంతా అందులో వేశారు. 1906 అక్టోబర్ 22న అది చేతులెత్తేసింది. కంపెనీ పెద్ద సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు మోసం నేరం మీద 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. డబ్బు పోగొట్టుకున్నవారి తరఫున నిలబడిన వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్, మనవాళ్ల బ్యాంకు ఒకటి ఉండాలని పూనుకుంటే 1907లో ఇండియన్ బ్యాంకు ఈ పారీస్ మూలలోనే పుట్టింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1909లో, ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టం వచ్చింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు అదే చట్టం. మిగతా ప్రాంతాలకు 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వచ్చింది.

ఈ పాత కథ చెప్పడానికి కారణం ఉంది. నూరేళ్లు దాటిన ఆ రెండు చట్టాలే ఇవాళ్టికీ మన మీద నడుస్తున్నాయి. చెన్నై నగరంలో ఉండే మనిషి దివాలా పిటిషన్ వేయాలంటే 1909 చట్టం కింద ఈ హైకోర్టులోనే వేయాలి. గుమ్మిడిపూండిలో ఉన్నవాళ్లకూ, సరిహద్దు దాటి సూళ్లూరుపేటలోనో ఖమ్మంలోనో ఉన్నవాళ్లకూ 1920 చట్టం. వాళ్లు తమ జిల్లాలోని కోర్టుకు వెళ్లాలి.

1909 చట్టం కింద జరిగేది క్లుప్తంగా చెబుతాం. అప్పులు 500 రూపాయలు చేరి, తీర్చలేని స్థితిలో ఉంటే పిటిషన్ వేయవచ్చు. కోర్టు ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటిస్తే అతని ఆస్తి అఫీషియల్ అసైనీ అనే కోర్టు అధికారి చేతికి పోతుంది. ఆ తర్వాత తాకట్టు లేని అప్పులవాళ్లు ఎవరికివారు కోర్టు అనుమతి లేకుండా అతని మీద పడి వసూలు చేసుకోవడానికి వీల్లేదు. అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. ఎవరికెంత బాకీ, ఉన్నదెంత అన్న పట్టిక దాఖలు చేయాలి. కోర్టులో ప్రశ్నలకు జవాబు చెప్పాలి. సంఖ్యలో సగానికి మించినవాళ్లు, విలువలో నాలుగింట మూడు వంతుల అప్పున్నవాళ్లు ఒప్పుకుంటే, ఇంత వంతున తీరుస్తానని రాజీ కూడా చేసుకోవచ్చు. చివర డిశ్చార్జ్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు విడుదల అక్కడ ఉంది. చాలామంది పిటిషన్ వేసి, రక్షణ దొరికింది చాలనుకుని డిశ్చార్జ్ అడగరు. అడగకపోతే దివాలా ప్రకటననే కోర్టు రద్దు చేయవచ్చు, అప్పులన్నీ మళ్లీ తలుపు దగ్గరికి వస్తాయి.

డిశ్చార్జ్ వచ్చినా పోని బాకీలున్నాయి. ప్రభుత్వానికి కట్టవలసినవి, మోసంతో చేసినవి, భార్యాపిల్లలకు కోర్టు వేసిన మనోవర్తి. ఇవి పోకూడదు కూడా. డిశ్చార్జ్ రాకముందు తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలకు మించి అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు. అవును, 50 రూపాయలే. 1909 నాటి అంకె.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దివాలాదారుకు వదిలిపెట్టవలసిన వస్తువులను ఆ చట్టం చెబుతుంది: పనిముట్లు, బట్టలు, పరుపు, వంటపాత్రలు, ఇంటిసామాను. కానీ అన్నీ కలిపి 300 రూపాయలు మించకూడదట. ఈ వీధిలో 300 రూపాయలకు ఒక కుక్కర్ రాదు. ఒక దర్జీ కుట్టు మిషన్, ఒక ఎలక్ట్రీషియన్ డ్రిల్లింగ్ మిషన్ ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతాయి? మామూలు డబ్బు డిక్రీ అమలులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ పనివాడి పనిముట్లను, వంటపాత్రలను, కూలివాడి కూలిని జప్తు నుంచి కాపాడుతుంది, అక్కడ 300 అన్న గీత లేదు. 1920 చట్టం కూడా ఆ సెక్షన్‌నే గౌరవిస్తుంది. నగరంలో ఉన్నవాడికే ఈ వింత.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు, మేము చూసే ఇళ్లను కలిపి కట్టిన లెక్క. నాన్న లోడ్ ఆటో నడుపుతాడు, అమ్మ రెండిళ్లలో పనిచేస్తుంది. ఇద్దరికీ కలిపి నెలకు 24,000. నాన్న పేర బ్యాంకు పర్సనల్ లోన్ 1,80,000. తంగసాల వీధిలో నగ తాకట్టు మీద 60,000. సంఘంలోనే ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద లక్ష. తండల్ 10,000. ఫోన్ యాప్‌లో 15,000. అమ్మ పేర మైక్రోఫైనాన్స్ గ్రూపు లోన్ 40,000. మొత్తం 4,05,000.

మొదట గుర్తుపెట్టుకోవలసింది: ఎవరి అప్పు వారిది. నాన్న ఐపీ పెడితే అమ్మ గ్రూపు లోన్ అలాగే ఉంటుంది. నాన్న లోన్‌కు మామయ్య జామీను ఉంటే, నాన్నకు డిశ్చార్జ్ వచ్చినా మామయ్యకు రాదు. ఈ ఒక్క సంగతి తెలియక తోబుట్టువుల మధ్య మాటలు తెగిపోయిన ఇళ్లున్నాయి.

నగ సంగతి వేరు. తాకట్టు పెట్టిన వస్తువు మీద అప్పిచ్చినవాడి హక్కు దివాలా వల్ల పోదు. బ్యాంకు లోనూ ప్రోనోటూ మాత్రం దివాలా పరిధిలోకి వస్తాయి. ప్రోనోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలో దావా వేయకపోతే, మధ్యలో చెల్లింపు గానీ కొత్త సంతకం గానీ లేకపోతే, కాలం చెల్లుతుంది. అందుకే మూడో ఏడు చివర "ఊరికే ఒక సంతకం పెట్టు తమ్ముడూ" అని ఇంటికొస్తారు. ఆ సంతకం ఊరికే కాదు.

తండల్ లెక్క కాగితం మీద వేసి చూడండి. పదివేలని చెప్పి చేతికి 8,500 ఇస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి, సరిగ్గా కడితే ఏడాదికి నూటికి 120 దాకా తేలుతుంది. 2003లో తమిళనాడు చేసిన అధిక వడ్డీ నిషేధ చట్టం కందు వడ్డీ, మీటర్ వడ్డీలతోపాటు తండల్‌నూ పేరు పెట్టి చెప్పింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు. చట్టం ఉన్నా 2017 అక్టోబర్‌లో తిరునెల్వేలి కలెక్టరేట్ ముందు ఒక కూలి కుటుంబం, పసిపిల్లలతో సహా, కందు వడ్డీ బాధ పడలేక నిప్పంటించుకుంది. అంతకు రెండేళ్ల ముందు, 2015 డిసెంబర్‌లో, విజయవాడలో కాల్ మనీ పేరుతో బయటపడింది కూడా ఈ జాతిదే. మన భాష మాట్లాడేవాళ్లే వడ్డీకిచ్చారు, మన భాష మాట్లాడేవాళ్లే నలిగారు.

యాప్‌కూ గ్రూపు లోన్‌కూ రిజర్వ్ బ్యాంకు నియమాలున్నాయి. లోన్ యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు తెరవకూడదని 2022లోనే చెప్పింది. మైక్రోఫైనాన్స్ వాయిదా కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇంటి ఆదాయంలో నెలవారీ వాయిదాలన్నీ కలిపి సగం దాటేలా కొత్త అప్పు ఇవ్వకూడదు. అందుకని ఫోన్ వచ్చిన సమయం రాసి పెట్టుకోండి. మీరు చేయగలిగిన పని ఇది.

ఇంకో భయం ఉంది. అప్పు తీర్చకపోతే జైలేనా? పేదరికం వల్ల తీర్చలేకపోవడం నేరం కాదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు, జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ కలంతో, ఆ మాట స్పష్టంగా చెప్పింది: డబ్బుండీ దురుద్దేశంతో ఎగ్గొట్టినవాణ్ణి సివిల్ జైలుకు పంపవచ్చు గానీ లేనివాణ్ణి కాదు. డబ్బు డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయడానికి అసలే వీల్లేదు. అయితే చెక్కు బౌన్స్ వేరు, అది క్రిమినల్ కేసు, ఐపీ పెట్టినంతమాత్రాన ఆగదు. ఖాళీ చెక్కు ఇవ్వవద్దని మేము ప్రతిచోటా మొత్తుకునేది అందుకే. తండ్రి చనిపోతే ఆయన అప్పు ఆయన వదిలిన ఆస్తి మేరకే పిల్లలకు వస్తుంది. ఆస్తి ఏమీ లేకపోతే కొడుకు జీతం మీద ఆ అప్పుకు హక్కు లేదు.

ఆ ఇంటికి మేము ఏం చెబుతామని అడుగుతారు. నాలుగు లక్షల అప్పుకు నేరుగా హైకోర్టులో ఐపీ అని చెప్పం. లాయరు ఖర్చు, నెలల తరబడి తిరుగుడు, ఆఖరికి లోడ్ ఆటో అసైనీ చేతికి పోతే బతుకుతెరువే పోతుంది. ముందు తండల్ ఆపించి, బ్యాంకుతో వాయిదాలు తిరగరాయించుకోవడమో ఒకేసారి ఇంతని సెటిల్ చేసుకోవడమో చూస్తాం. సెటిల్ చేసుకుంటే సిబిల్‌లో ఆ మచ్చ ఉంటుందని కూడా చెబుతాం. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేకుండా రాజీ కుదురుతుంది, దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దావా పడితే వాయిదాల మీద కట్టుకునే వీలు కోర్టునే అడగవచ్చు. ఇవన్నీ అయిపోయి, అప్పులు పది చోట్ల, ఆస్తి ఏమీ లేక, వారానికొక జప్తు నోటీసు వస్తున్నప్పుడు ఐపీ మేలైన దారి. అప్పుడు సిగ్గుపడనక్కర్లేదు.

చిన్న అప్పులవాళ్ల కోసం చట్టం ఆలోచించలేదా అంటే, ఆలోచించింది. 2016లో పార్లమెంటు చేసిన ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్‌రప్టసీ కోడ్‌లో "ఫ్రెష్ స్టార్ట్" అని ఒక అధ్యాయమే ఉంది. ఏడాది ఆదాయం 60,000 మించకుండా, ఆస్తి 20,000 మించకుండా, మాఫీకి తగిన అప్పులు 35,000 మించకుండా, సొంత ఇల్లు లేకుండా ఉంటే, డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 180 రోజులు ఎవరూ వసూలుకు రాకూడదు, చివర ఆ అప్పు మాఫీ. చదివితే కడుపు నిండుతుంది. కానీ ఆ అధ్యాయాన్ని ప్రభుత్వం ఇప్పటివరకు అమలులోకి తేలేదు. వ్యక్తులకు సంబంధించిన భాగంలో 2019 డిసెంబర్ 1 నుంచి అమలైనది ఒక్కటే: కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి సంగతి. కోట్ల అప్పుకు సంతకం పెట్టిన డైరెక్టరుకు కొత్త చట్టం, 35,000 బాకీ ఉన్న పనిమనిషికి 1909 చట్టం. పైగా ఏడాదికి 60,000 అంటే నెలకు 5,000. చెన్నైలో రెండిళ్లలో పనిచేసే అక్క కూడా ఆ గీత దాటిపోతుంది. తలుపు తెరవకముందే అది ఇరుకైపోయింది.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. ఇంగ్లండులో పేద అప్పులవాళ్లకు డెట్ రిలీఫ్ ఆర్డర్ అని ఒకటి ఉంది, దానికున్న 90 పౌండ్ల ఫీజును కూడా 2024 ఏప్రిల్‌లో తీసేశారు. అమెరికాలో మనవాళ్లు కొందరు చాప్టర్ 7 వేసి, కొన్నేళ్లకు మళ్లీ ఇల్లు కొనుక్కుంటారు. అక్కడ ఎవరూ వాళ్లను సంఘం నుంచి వెలివేయరు. ఫ్రెష్ స్టార్ట్ అధ్యాయం అమలు చేయాలనీ, ఆ గీతలను ఇవాళ్టి కూలికి తగ్గట్టు పెంచాలనీ మన ఎంపీలను అడగడం యువజనుల పని అని మా అభిప్రాయం.

ఇక మన ఇంటి సంగతి. సంఘంలో అప్పులవాడు వెనక బెంచీకి, ఆ తర్వాత గేటు బయటికి, చివరికి వేరే ఊరికి ఎలా జరిగిపోతాడో మీరు చూసే ఉంటారు. "విశ్వాసం ఉంటే అప్పులెందుకవుతాయి" అని ఒక మాట అనేస్తాం. రాజులు రెండవ గ్రంథం 4వ అధ్యాయం తెరవండి. అక్కడ చనిపోయినవాడు దైవభక్తి గలవాడు, ప్రవక్తల శిష్యుడు. అయినా అప్పులతోనే చనిపోయాడు, అప్పులవాడు పిల్లలను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆ విధవరాలిని ఎందుకు అప్పు చేశారని అడగలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. మేము దివాలా పట్టిక రాసేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో ఆమె, పిల్లలు బతకాలన్నాడు. బతకడానికి మిగలాలన్నది ఆ తీర్పులోనే ఉంది. ధర్మశాస్త్రం తిరగలి రాయిని తాకట్టు పట్టవద్దన్నది కూడా ఇందుకే. పనిముట్టు పోతే అప్పూ తీరదు, పొట్టా నిండదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో, మన తెలుగు మత్తయి సువార్తలో, ఉన్న మాట ఋణములు. వారం వారం ఆ మాట పలుకుతూనే ఉన్నాం.

నెహెమ్యా 5వ అధ్యాయం వడ్డీకిచ్చేవాళ్ల కోసం. యెరూషలేము గోడ కడుతున్నప్పుడు పొలాలు, ద్రాక్షతోటలు కుదువపెట్టినవాళ్లు మొరపెట్టారు. ఇచ్చింది పరాయివాళ్లు కాదు, సొంత సహోదరులే. నెహెమ్యా తానూ అప్పిచ్చినవాడే. ముందు తన పేరూ కలుపుకుని, వడ్డీ మానేద్దాం, పొలాలు తిరిగి ఇచ్చేద్దాం అన్నాడు. వాళ్లు తీసుకున్నది నూరో వంతు. అది నెలకనుకుంటే మన లెక్కలో రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకి అంత గొడవ జరిగింది. మన సంఘాల్లో మూడు రూపాయలకు, ఐదు రూపాయలకు ఇచ్చి కానుకల సంచిలో దశమభాగం వేసేవాళ్ల దగ్గరికి ఈ అధ్యాయం ఎవరు తీసుకెళ్తారు? చీటీలో మునిగిన ఆ వితంతువును వీళ్లతో కలపవద్దు. ఆమె దాచుకుంది, వాళ్లు పిండుకున్నారు.

లాయరు ఎక్కడ దొరుకుతాడన్నదానికి వద్దాం. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఎస్సీ, ఎస్టీలకు కూడా. ఇక్కడ మనకొక ముల్లుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ సర్టిఫికెట్ లేదు, కాబట్టి ఆ వరుసలో నిలబడలేరు. ఆ పేరా మీద మన పోరాటం సాగుతూనే ఉంటుంది. ఈలోగా మగవాళ్లు తక్కువ ఆదాయం సర్టిఫికెట్‌తో వెళ్లవచ్చు, ఆడవాళ్లు గుర్తింపు కార్డుతో నేరుగా వెళ్లవచ్చు. ఫోన్ చేయాలంటే 15100. హైకోర్టు ఆవరణలోనే న్యాయసేవల కమిటీ ఉంది. మేము ఇవాళ చెప్పినదాన్ని నమ్మి ఎవరూ పిటిషన్ వేయవద్దు, మీ కాగితాలు చూసిన లాయరు మాట విని వేయండి.

ఇంటికి వెళ్లి ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎవరికి, ఎప్పుడు, ఎంత, చేతికి వచ్చిందెంత, కట్టిందెంత, ఏ కాగితం మీద ఎవరి సంతకం, ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చారా, జామీను ఎవరు, ఇవన్నీ అమ్మానాన్నలను కూర్చోబెట్టి రాయండి. అడిగేటప్పుడు గొంతు పెంచవద్దు. చాలా ఇళ్లలో భర్తకు తెలియని అప్పు భార్య దగ్గర, భార్యకు తెలియని అప్పు భర్త దగ్గర ఉంటుంది. ఆ పుస్తకం రాసే రాత్రి ఇంట్లో ఏడుపు వినిపించవచ్చు, ఒకరిని పక్కన ఉంచుకోండి. రాసింది వచ్చే శనివారం సాయంత్రం తీసుకురండి, ఇక్కడే కూర్చుంటాం. ఇప్పుడు టీ ఇస్తున్నారు. అందరి ముందు అడగలేని ప్రశ్న ఉంటే మెట్ల దగ్గర మాతో విడిగా మాట్లాడండి.